ఎదుగుదల లోపాలున్న శిశువులకు సత్వర చికిత్స – వైద్యుల వైఖరి

ఎదుగుదల లోపాలున్న శిశువులకు, లేదా అటువంటి లోపాలు కలిగే ప్రమాదం ఉన్న శిశువులకు, పుట్టినది మొదలు సుమారు మూడేళ్ళ వయసు వరకు ఇచ్చే శిక్షణను, వ్యాయామాలను, వారి కుటుంబానికి చేసే సహాయాన్ని కలిపి సత్వర చికిత్స అంటారు. ఆంగ్లంలో దీని పేరు ఎర్లీ ఇంటర్వెన్షన్. డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ అనబడే మస్తిష్క పక్షవాతం, ఆటిజం, పుట్టుకతో వచ్చే వినికిడి లోపం, నెలలు నిండకుండా పుట్టడం, కారణం తెలియకుండా నడక గానీ మాట గానీ ఆలస్యం కావడం మొదలైనవన్నీ దీని పరిధిలోకి వస్తాయి. పేరులో చికిత్స అని ఉన్నప్పటికీ ఇది మందులతో చేసే వైద్యం కాదు, లోపాన్ని పూర్తిగా తొలగిస్తుందని కూడా ఎవరూ చెప్పరు.

ఈ సేవలో వైద్యుని పాత్ర చిన్నదిగా కనిపిస్తుంది. బిడ్డకు మెడ నిలపడం, కూర్చోవడం నేర్పేది ఫిజియోథెరపిస్టు. మాట నేర్పేది స్పీచ్ థెరపిస్టు. నేర్పినదాన్ని రోజంతా ఇంట్లో కొనసాగించేది తల్లిదండ్రులు. అయితే మొదటి మూడేళ్ళలో టీకాకనో, జ్వరమనో, విరేచనాలనో బిడ్డను పదేపదే చూసే నిపుణుడు సాధారణంగా వైద్యుడొక్కడే. అందుచేత ఆయన "ఫలానా చోటికి తీసుకువెళ్ళండి" అంటే ఈ సేవ అందుతుంది, "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంటే చాలా కుటుంబాలకు అందదు. వైద్యుల వైఖరి ఒక ప్రత్యేక అధ్యయన విషయం కావడానికి కారణం ఇదే.

ఈ వైఖరి మారిన క్రమం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వివరంగా నమోదయింది గనుక ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ దేశానికి సంబంధించినది. భారతదేశంలోని పరిస్థితి, అందులో తెలుగు ప్రాంతాల ప్రస్తావన, చివర ఉన్నాయి.

చికిత్స స్వరూపం

డౌన్ సిండ్రోమ్ ఉన్న శిశువుకు కండరాలు వదులుగా ఉంటాయి. పాలు తాగడం దగ్గరనుండే ఇబ్బంది మొదలవుతుంది. బిడ్డను ఎలా పట్టుకోవాలి, ఏ భంగిమలో పాలు పట్టాలి, బోర్లా పడుకోబెట్టి మెడ ఎత్తించడం ఎలా అన్నవి తల్లికి నేర్పుతారు. మస్తిష్క పక్షవాతంలో దీనికి విరుద్ధంగా కాళ్ళు, చేతులు బిగుసుకుపోవచ్చు. వినికిడి లోపం ఉన్న శిశువుకు వినికిడి యంత్రం అమర్చడంతో పని పూర్తికాదు, విన్న శబ్దానికి అర్థం ఉందని బిడ్డకు తెలిసేటట్లు నెలల తరబడి మాట్లాడాలి, లేదా సంజ్ఞా భాష నేర్పాలి. థెరపిస్టు వారానికి ఒక గంట చేసే పని కంటే స్నానం చేయించేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు, ఆడించేటప్పుడు ఇంటివారు చేసేదే ఎక్కువ. కనుక ఈ చికిత్సకు కేంద్రం శిశువు ఒక్కడే కాదు, కుటుంబం కూడా.

దీని వెనుక ఉన్న శాస్త్రం, శైశవంలో మెదడు అనుభవాన్ని బట్టి తన నిర్మాణాన్ని మార్చుకునే శక్తి ఎక్కువగా కలిగి ఉండడం. అంతమాత్రాన మూడేళ్ళకు మెదడు తలుపులు మూసుకుంటుందని కాదు. ప్రచార సాహిత్యంలో ఈ మాట తరచుగా అతిశయోక్తిగా కనిపిస్తుంది. ఆలస్యంగా మొదలుపెట్టిన శిక్షణ కూడా పనిచేస్తుంది, అయితే వినికిడి వంటి కొన్ని విషయాలలో తొలి నెలల విలువ మిగతా కాలానికి లేదు.

నిరాశ కాలం

ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగంలో ఎదుగుదల లోపం స్పష్టంగా ఉన్న బిడ్డ పుడితే, ఆ బిడ్డను ప్రత్యేక సంస్థకు పంపివేయమని అమెరికా వైద్యులు సలహా ఇవ్వడం మామూలు. డౌన్ సిండ్రోమ్‌ను అప్పట్లో మంగోలిజం అనేవారు. శిశుపోషణపై బెంజమిన్ స్పాక్ 1946లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథపు తొలి ముద్రణలో కూడా, అటువంటి శిశువును పుట్టిన వెంటనే సంస్థకు పంపడం మంచిదన్న సలహా కనిపిస్తుంది. తల్లి బిడ్డపై మమకారం పెంచుకోకముందే ఈ పని జరగాలని, మిగతా పిల్లలకు అన్యాయం జరగకూడదని వాదించేవారు. వీరు క్రూరులు కారు, తాము దయతోనే చెబుతున్నామని నమ్మినవారు.

ఈ నమ్మకానికి ఆధారం ఏమిటన్నదే ఇక్కడ ముఖ్యం. ఇటువంటి పిల్లలు నడవలేరని, మాట్లాడలేరని, త్వరగా చనిపోతారని వైద్యులు చెప్పేవారు. ఆ మాటకు ఆధారం సంస్థలలో పెరిగిన పిల్లలు. వారికి ఆటలు లేవు, పలకరింపు లేదు, గుండె లోపం ఉంటే శస్త్రచికిత్స లేదు. ఏమీ చేయకపోతే ఏమవుతుందో చూసి, ఏమి చేసినా అంతేనని నిర్ధారించారు. సంయుక్త రాష్ట్రాలలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 1983లో సుమారు 25 ఏళ్ళు ఉండగా, ఇప్పుడు సుమారు 60 ఏళ్ళు. రోగం అదే, మారినది చూసుకునే తీరు. న్యూయార్కులోని విల్లోబ్రుక్ సంస్థలో పిల్లలు ఉన్న దుస్థితి 1972లో టెలివిజన్‌లో ప్రసారమైన తరువాత అటువంటి సంస్థలపై ప్రజాభిప్రాయం మారసాగింది.

1974లో ఎమిలీ పెర్ల్ కింగ్స్‌లీ అనే రచయిత్రికి డౌన్ సిండ్రోమ్‌తో జేసన్ అనే కుమారుడు పుట్టినపుడు కూడా వైద్యుడు ఇదే సలహా ఇచ్చాడు. ఆమె వినలేదు. అప్పుడే కొత్తగా వస్తున్న శైశవ శిక్షణలో బిడ్డను చేర్చింది. ఆమె సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టెలివిజన్ కార్యక్రమానికి రచయిత్రి కావడం వలన వైకల్యమున్న పిల్లలు ఆ తెరపైకి వచ్చారు, జేసన్ కూడా అందులో కనిపించాడు. 1994లో అతడు మిచెల్ లెవిట్జ్ అనే స్నేహితునితో కలిసి తమ జీవితం గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. పుట్టిన రోజున తన గురించి చెప్పిన వైద్యుని జోస్యం తప్పని అందులో వ్రాశాడు.

అందరి కథలూ ఇలా ముగియలేదు. 1982లో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో డౌన్ సిండ్రోమ్‌తోపాటు ఆహారనాళ లోపం కూడా ఉన్న ఒక శిశువు పుట్టాడు. ఆ లోపం శస్త్రచికిత్సతో సరిచేయదగినది. శస్త్రచికిత్స చేయాలని శిశువైద్యులు చెప్పగా, ప్రసవం చేసిన వైద్యుడు బిడ్డ భవిష్యత్తు గురించి నిరాశాజనకంగా చెప్పాడు. తల్లిదండ్రులు శస్త్రచికిత్సకు నిరాకరించారు, న్యాయస్థానాలు జోక్యం చేసుకోలేదు, ఆరవ రోజున శిశువు మరణించాడు. బేబీ డో పేరుతో చరిత్రకెక్కిన ఈ ఉదంతం 1984లో పిల్లల సంరక్షణ చట్టానికి సవరణలు రావడానికి దారితీసింది. అప్పటి సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ స్వయంగా పిల్లల శస్త్రవైద్యుడు, ఈ ఆహారనాళ శస్త్రచికిత్సలో అనుభవజ్ఞుడు. ఆయన ఈ విషయంలో గట్టిగా నిలబడ్డాడు. ఒకే ఆసుపత్రిలో, ఒకే శిశువు విషయంలో, వైద్యులు రెండు విధాలుగా చెప్పగలరని ఈ ఉదంతం చూపింది.

అయోవా పరిశోధన

తెలివితేటలు పుట్టుకతోనే స్థిరపడతాయని నమ్మే రోజులలో, 1939లో హెరాల్డ్ స్కీల్స్, హెరాల్డ్ డై అనే ఇద్దరు ఒక విచిత్రమైన ఫలితాన్ని ప్రచురించారు. అయోవా రాష్ట్రపు అనాథాశ్రమంలో ఎదుగుదల మందగించిన, మూడేళ్ళలోపు 13 మంది పిల్లలను బుద్ధిమాంద్యం గల స్త్రీలు ఉండే సంస్థకు మార్చారు. ఆ స్త్రీలు, అక్కడి ఉద్యోగినులు పిల్లలను ఎత్తుకుని ఆడించారు, ముద్దు చేశారు. పిల్లల ప్రజ్ఞాంకాలు పెరిగాయి. అనాథాశ్రమంలోనే ఉండిపోయిన 12 మంది ప్రజ్ఞాంకాలు తగ్గాయి. ఈ ఫలితాన్ని ఆనాటి నిపుణులు చాలామంది ఎగతాళి చేశారు. 1966లో స్కీల్స్ వారిని మళ్ళీ వెదికి పట్టుకుని చూస్తే, మొదటి 13 మందీ పెద్దవారై తమ కాళ్ళపై నిలబడి ఉన్నారు. రెండవ బృందంలో కొందరు ఇంకా సంస్థలలోనే ఉన్నారు.

పిల్లల సంఖ్య బాగా తక్కువ, ఏ బిడ్డ ఏ బృందంలో ఉండాలో చీటీ వేసి నిర్ణయించినది కాదు. ఈ లోపాలు ఉన్నప్పటికీ తరువాతి పరిశోధనలకు ఇదే తొలి మెట్టు.

1986 చట్టం

బడి ఈడు పిల్లలలో వైకల్యమున్నవారందరికీ ఉచిత విద్య ఇవ్వాలన్న అమెరికా చట్టం 1975లో వచ్చింది. శిశువులు దానిలో లేరు. 1986లో చేసిన సవరణ ద్వారా పుట్టినప్పటి నుండి మూడేళ్ళ వరకు ఉన్న పిల్లలకు సేవలు ఏర్పాటు చేసే రాష్ట్రాలకు కేంద్ర సహాయం లభించింది. ఇప్పుడు దీనిని వైకల్యమున్నవారి విద్యా చట్టంలోని పార్ట్ సి అంటారు. లోపం అనుమానించిన వైద్యుడు ఏడు రోజుల లోపల బిడ్డ పేరును స్థానిక కార్యాలయానికి పంపాలని 2011 నిబంధనలు చెబుతున్నాయి. ఆ తరువాత 45 రోజుల లోపల పరీక్షలు ముగిసి, కుటుంబంతో కలిసి ప్రణాళిక తయారుకావాలి. రోగనిర్ధారణ జరిగి తీరాలన్న నియమం లేదు, ఎదుగుదల ఆలస్యమైతే చాలు. వైద్యుని చీటీ లేకుండా తల్లిదండ్రులు నేరుగా కూడా అడగవచ్చు.

చట్టం కాగితంపై ఇంత ఉదారంగా ఉన్నా, 2008లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం రెండేళ్ళ వయసులో ఎదుగుదల ఆలస్యం ఉన్న పిల్లలలో సుమారు 10 శాతం మందికే సేవలు అందాయి. మిగిలినవారు ఎక్కడ ఆగిపోయారన్న ప్రశ్నకు జవాబులో ఒక భాగం వైద్యుని గదిలో దొరుకుతుంది.

వైద్యుల సందేహాలు

వైద్యుల అనుమానాన్ని కేవలం అజ్ఞానంగా కొట్టివేయడం సరికాదు. దానికి కొన్ని కారణాలు న్యాయమైనవే.

మొదటిది, ఈ రంగంలో అబద్ధపు ఆశలు అమ్మినవారు ఉన్నారు. 1960ల నాటి డోమన్-డెలకాటో పద్ధతిలో పిల్లవాని చేతులను, కాళ్ళను పలువురు పెద్దలు పట్టుకుని రోజుకు గంటల తరబడి పాకే కదలికలు చేయించేవారు. మెదడు బాగుపడుతుందని చెప్పేవారు. దీనికి ఆధారం లేదని, కుటుంబాలపై మోయలేని భారం పడుతుందని అమెరికా శిశువైద్యుల అకాడమీ 1982లోనూ, 1999లోనూ ప్రకటనలు చేసింది. ఇటువంటివి చూసిన వైద్యుడు మంచి శిక్షణను కూడా అదే గాటన కట్టడంలో ఆశ్చర్యం లేదు.

రెండవది, వైద్యులు అలవాటుపడిన తరహా ఆధారాలు తక్కువ. 1988లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ప్రయోగం ప్రచురితమయింది. కాళ్ళు బిగుసుకుపోయే రకం మస్తిష్క పక్షవాతం ఉన్న 48 మంది శిశువులను రెండు బృందాలుగా చేశారు. ఒక బృందానికి ఏడాది పాటు ఫిజియోథెరపీ ఇచ్చారు. రెండవ బృందానికి మొదటి ఆరు నెలలు ఆటల ద్వారా శిక్షణ, తరువాతి ఆరు నెలలు ఫిజియోథెరపీ ఇచ్చారు. నడక విషయంలో రెండవ బృందమే ముందుంది. "థెరపీ వలన ఉపయోగం లేదని తేలింది" అన్న రూపంలో ఈ ఫలితం వైద్యులలో వ్యాపించింది. నిజానికి ఆటల శిక్షణ కూడా సత్వర చికిత్సే. పోలిక రెండు రకాల శిక్షణల మధ్య జరిగింది గానీ, శిక్షణకూ ఏమీ చేయకపోవడానికీ మధ్య కాదు. దీనికి ముందు 1987లో జాక్ షోంకాఫ్, పెనీ హౌసర్-క్రామ్ 31 అధ్యయనాలను కలిపి పరిశీలించి, ఇటువంటి సేవల వలన మొత్తం మీద మేలు ఉందని తేల్చారు. కానీ వైద్యుల జ్ఞాపకంలో నిలిచినది ఎక్కువగా మొదటిదే.

మూడవది, మేలు ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న. తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టిన 985 మంది శిశువులపై ఎనిమిది కేంద్రాలలో జరిగిన ప్రయోగ ఫలితాలు 1990లో వెలువడ్డాయి. శిక్షణ పొందినవారి ప్రజ్ఞాంకం మూడేళ్ళ వయసులో స్పష్టంగా ఎక్కువగా ఉంది. ఎనిమిదేళ్ళకు ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది, పుట్టుక బరువు కాస్త ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం కొంత మిగిలింది. మూడేళ్ళకు ఆపివేసిన సేవ ఎనిమిదేళ్ళ వరకు పనిచేయాలని ఆశించడం ఎంతవరకు సబబన్నది ఆలోచించవలసినదే. అయినా వైద్యుల ప్రశ్న తప్పు ప్రశ్న కాదు.

"ఇంకొన్నాళ్ళు చూద్దాం"

వైద్యుల వైఖరిలో అన్నిటికంటే ఎక్కువగా చర్చకు వచ్చినది ఈ మాట. దీని వెనుక నిజమైన అనుభవం ఉంది. ఆలస్యంగా నడిచిన, ఆలస్యంగా మాట్లాడిన పిల్లలలో చాలామంది తరువాత అందరితో సమానమవుతారు. పిల్లల వైద్యుడు అటువంటివారిని వందల సంఖ్యలో చూసి ఉంటాడు. సమానం కాలేకపోయినవారు క్రమంగా వేరే నిపుణుల దగ్గరకు వెళ్ళిపోతారు గనుక, ఆయన కళ్ళ ముందు మిగిలేది మొదటి రకం పిల్లలే. దీనికి తోడు తల్లిని అనవసరంగా భయపెట్టకూడదన్న సంకోచం, ఒక ముద్ర పడితే పోదన్న భయం, పది నిమిషాల సందర్శనలో సమయం చాలకపోవడం ఉంటాయి.

ఈ వాదంలో లోపం లెక్కలో ఉంది. నిరీక్షణ వలన పోయేదేమీ లేదని అది భావిస్తుంది. అవసరం లేని బిడ్డను పంపితే కొన్ని గంటల పరీక్ష, కొంత ఆందోళన. అవసరమైన బిడ్డను ఆపితే ఆరు నెలలు, ఏడాది. పద్దెనిమిది నెలల బిడ్డకు ఏడాది అంటే గడిచిన జీవితంలో మూడింట రెండు వంతులు.

కంటితో చూసి చెప్పడంలో వైద్యులు చాలామందిని గుర్తించలేరని పరిశోధనలు చూపాయి. అందువలన ప్రశ్నావళులు, పరీక్షలు వచ్చాయి. వీటిలో పాతది 1967 నాటి డెన్వర్ పరీక్ష. 1990లలో ఫ్రాన్సెస్ గ్లాస్కో చేసిన పరిశోధనలు మరొక విషయం బయటపెట్టాయి. తల్లిదండ్రులకు ఉన్న ఆందోళనను క్రమపద్ధతిలో అడిగి తెలుసుకుంటే, అది మంచి పరీక్షలతో పోల్చదగిన సూచిక అవుతుంది. "తల్లికి అన్నీ భయాలే" అని నవ్వి పంపే అలవాటుకు ఇది గట్టి సమాధానం.

అమెరికా శిశువైద్యుల అకాడమీ 2006లో, 9, 18, 30 నెలల వయసులలో పిల్లలందరికీ ప్రామాణిక పరీక్ష చేయాలని సూచించింది. ఆటిజం కోసం 18, 24 నెలలలో పరీక్షించాలని 2007లో చేర్చింది. అకాడమీ సర్వేల ప్రకారం ప్రామాణిక పరీక్షలు వాడుతున్నామన్న శిశువైద్యులు 2002లో 21 శాతం కాగా 2016లో 63 శాతం. తమకు అనుమానం కలిగిన పిల్లలలో సగటున ఎంతమందిని సత్వర చికిత్సకు పంపుతున్నారంటే 2002లో 41 శాతం, 2016లో 59 శాతం. ఇవి వైద్యులు తమ గురించి తాము చెప్పుకున్న అంకెలని మరువరాదు. 17 క్లినిక్కులలో జరిగిన ఒక ప్రయోగంలో కూడా, పరీక్షలో తప్పిన పిల్లలలో 61 శాతం మందినే ముందుకు పంపినట్లు 2010లో తేలింది. అంటే పరీక్ష చేయడానికి ఒప్పుకున్న వైద్యుడు కూడా, దాని ఫలితాన్ని నమ్మడానికి వెనుకాడుతున్నాడు.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2022లో ఎదుగుదల మైలురాళ్ళ పట్టికను సవరించినపుడు ఈ మాటనే దృష్టిలో పెట్టుకున్నాయి. పాత పట్టికలో ఆ వయసుకు సగం మంది పిల్లలు చేసే పనులు ఉండేవి. అంటే మిగతా సగం మంది వెనుకబడినట్లే గనుక, "చూద్దాం" అనడం సహజమయ్యేది. కొత్త పట్టికలో నాలుగింట మూడు వంతుల మంది చేసే పనులే ఉన్నాయి. అందులోని పని ఒకటి రాకపోతే ఆగకుండా అడగాలన్నది ఉద్దేశం. పాకడాన్ని పట్టిక నుండి తీసివేయడంపై థెరపిస్టులు కొందరు అభ్యంతరం చెప్పారు.

మారిన ఆధారాలు

వైద్యులను ఎక్కువగా ఒప్పించినది వినికిడి. ఆరు నెలల లోపు లోపాన్ని గుర్తించి సహాయం అందించిన పిల్లల భాష, తరువాత గుర్తించినవారి భాష కంటే మెరుగ్గా ఉందని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 1998లో చూపింది. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు సహాయం అన్న సూత్రం ఆ దేశంలో స్థిరపడింది.

మస్తిష్క పక్షవాతాన్ని ఏడాది, రెండేళ్ళ వయసు వరకు నిర్ధారించకపోవడం పాత పద్ధతి. శిశువు సహజ కదలికల పరిశీలన, మెదడు చిత్రాలు కలిపితే ఆరు నెలల లోపే చెప్పవచ్చునని 2017లో ఇయోనా నోవాక్, ఆమె సహచరులు వివరించారు. ఆటిజంలో 18 నుండి 30 నెలల వయసున్న 48 మంది పిల్లలపై జెరాల్డిన్ డాసన్ బృందం చేసిన ప్రయోగం 2010లో మంచి ఫలితాలు చూపింది. అయినా చర్చ ముగియలేదు. ఎవరికీ అనుమానం లేని పిల్లలందరికీ ఆటిజం పరీక్ష చేయడం వలన కలిగే లాభనష్టాలను తూచడానికి ఆధారాలు చాలవని 2016లో అమెరికా నివారణ సేవల కార్యదళం ప్రకటించింది. అకాడమీ తన సూచనను మార్చుకోలేదు.

భారతదేశంలో

అంటురోగాలు, పోషకాహార లోపం, నవజాత శిశు మరణాలు ప్రధాన సమస్యలుగా ఉన్న దేశంలో శిశువైద్యుని శిక్షణ సహజంగా బిడ్డను బ్రతికించడంపైనే కేంద్రీకృతమయింది. బ్రతికిన బిడ్డ ఎలా ఎదుగుతున్నదన్న ప్రశ్న తరువాత వచ్చింది. ఆ ప్రశ్నను ముందుగా వేసినవారిలో తిరువనంతపురానికి చెందిన శిశువైద్యుడు ఎం.కె.సి. నాయర్ ముఖ్యుడు. 1987లో అక్కడ శిశు వికాస కేంద్రం ఏర్పడింది. అక్కడ తయారైన తిరువనంతపురం పట్టికలో రెండేళ్ళ లోపు పిల్లల కోసం 17 అంశాలు మాత్రమే ఉంటాయి. బిడ్డ వయసు దగ్గర ఒక పెన్సిలు నిలువుగా పెట్టి, దానికి ఎడమ పక్కనున్న పనులు బిడ్డ చేస్తున్నదా అని చూస్తే సరిపోతుంది. కిక్కిరిసిన ఓ.పి.లో వైద్యుడు గానీ, గ్రామంలో ఆరోగ్య కార్యకర్త గానీ కొద్ది నిమిషాలలో వాడుకోగలిగినది కావడమే దీని గొప్పతనం.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదల ఆలస్యాలు అనే నాలుగు తరగతులలో 30 సమస్యలకు పిల్లలను పరీక్షిస్తుంది. అంగన్‌వాడీలకు, బడులకు వెళ్ళే సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏ.ఎన్.ఎం., ఒక ఫార్మసిస్టు ఉంటారు. అంటే చాలా పల్లెలలో బిడ్డ ఎదుగుదలను ప్రత్యేకంగా చూసే మొదటి వైద్యుడు ఆయుర్వేద, హోమియో, యునాని మొదలైన విధానాలలో చదివినవాడు. వైద్యుల వైఖరిపై మన దేశంలో జరిగే చర్చ పట్టణ శిశువైద్యుల దగ్గరే ఆగిపోతే ఈ సంగతి మరుగున పడుతుంది. బృందం గుర్తించిన పిల్లలను జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. శిశువైద్యుడు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, మనస్తత్వ నిపుణుడు, ప్రత్యేక ఉపాధ్యాయుడు తదితరులు అక్కడ ఒకే చోట ఉండాలన్నది ప్రణాళిక.

భారతీయ వైద్యుని నిరీక్షణకు కొన్ని కారణాలు ప్రత్యేకమైనవి. ఇంట్లో పెద్దలు "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని ముందే తీర్పు చెప్పి ఉంటారు, వైద్యుడు దానికి తల ఊపడం తేలిక. పంపవలసిన థెరపిస్టు వంద కిలోమీటర్ల దూరంలో ఉంటే, వారానికి రెండుసార్లు కూలి మానుకుని రమ్మని చెప్పడానికి నోరు రాదు. ఈ రెండవ సమస్యకు ఒక దారి 2016లో ప్రచురితమైన ప్రయోగంలో కనిపిస్తుంది. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లల తల్లిదండ్రులకు, నిపుణులు కాని సాధారణ కార్యకర్తల ద్వారా శిక్షణ ఇచ్చారు. తల్లీబిడ్డల మధ్య సంభాషణ మెరుగుపడింది.

తెలుగు ప్రాంతాలు

సికింద్రాబాదులో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. తరువాత పేరు మారి మేధో వైకల్యమున్నవారి సాధికారతకు జాతీయ సంస్థ అయింది. ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు, పరీక్షా సాధనాల తయారీకి ఇది దేశంలో ప్రధాన కేంద్రం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స కూడా చేరింది. ఇది చిన్న వయసులో చేస్తేనే ఎక్కువ ఫలితం ఇస్తుంది గనుక, వినికిడి లోపాన్ని త్వరగా గుర్తించవలసిన అవసరం వైద్యులకు ప్రత్యక్షంగా తెలిసివచ్చింది.

రెండు నుండి తొమ్మిదేళ్ళ పిల్లలలో నాడీ వికాస లోపాలు ఎంతమందికి ఉన్నాయో తెలుసుకోవడానికి దేశంలోని ఐదు ప్రాంతాలలో జరిగిన సర్వే 2018లో ప్రచురితమయింది. ఆ ఐదింటిలో హైదరాబాదు ఒకటి. లోపాలున్న పిల్లలలో సుమారు ఐదింట ఒక వంతు మందికి ఒకటి కంటే ఎక్కువ లోపాలు ఉన్నాయి. ఒక లోపాన్ని కనుగొన్న వైద్యుడు అంతటితో ఆగిపోతే రెండవది తప్పిపోయే అవకాశం ఉందన్నమాట.

2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం దేశంలో 14 సత్వర చికిత్సా కేంద్రాలను ప్రారంభించింది. అన్ని రకాల వైకల్యాలకు ఒకే చోట సేవలందించడం వీటి ఉద్దేశం. వీటిలో రెండు తెలుగు రాష్ట్రాలలో ఉన్నాయి: తెలంగాణలో సికింద్రాబాదు, ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు.